సిద్ధమయ్యాక పనా? పనిలోనే సిద్ధమవడమా?

ఈ సంచికకి ఏదైనా మెకానికల్ టాపిక్ మీద తెలుగులో రాయమని మన క్లబ్ ఎడిటర్లు అడిగారు. జిగ్స్, ఫిక్స్చర్స్ గురించి రాస్తానన్నాను. రాస్తున్నది వాటి గురించే. కాకపోతే మన వర్క్‌షాప్‌లో డ్రిల్లింగ్ మెషీన్ దగ్గర కనిపించేవి కావు. పప్పు డ్రమ్ము పక్కన కనిపించేవి. చివరిదాకా చదివితే ఎందుకో తెలుస్తుంది.

ముందు ఒక వయసు గురించి మాట్లాడుకుందాం. 18 ఏళ్ళు. ఆ వయసులో మనం ఎంసెట్ ర్యాంకులు, కౌన్సెలింగ్, హాస్టల్ రూముల హడావిడిలో ఉన్నాం. తీవ్రమైన మేధో వైకల్యం ఉన్న కుర్రాడికి సరిగ్గా అదే వయసులో బడి అయిపోతుంది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. మంచిదే. 19వ ఏడు వస్తే? చాలా ఇళ్ళలో దీనికి జవాబు టీవీ ముందు ఒక కుర్చీ. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వైకల్యం ఉన్నవాళ్ళు 2.68 కోట్ల మంది అని తేలింది. అందులో మేధో వైకల్యం ఉన్నవాళ్ళే 15 లక్షల పైన. ఎన్ని కుర్చీలో ఆలోచించండి.

రిజర్వేషన్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. అదే చట్టం ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం ఖాళీలు కేటాయించింది. 1995 నాటి పాత చట్టంలో ఉద్యోగాల కోటా 3 శాతమే, అందులో మేధో వైకల్యానికి చోటే లేదు. కొత్త చట్టం ఆ తలుపు తెరిచింది. కానీ ఆ తలుపు దాకా వెళ్ళాలంటే చదువు అర్హత కావాలి, పరీక్ష రాయాలి. పేరు రాయడం రాని మనిషికి, ఐదు దాకా లెక్కపెట్టలేని మనిషికి ఆ కోటా కాగితం మీదే ఉంటుంది. నేను రాస్తున్నది వాళ్ళ గురించి.

"ఇంకా రెడీ కాలేదు"

ఇలాంటివాళ్ళకి పని నేర్పడంలో చాలాకాలం నడిచిన పద్ధతి ఒకటే: ముందు శిక్షణ, తర్వాత ఉద్యోగం. వినడానికి సబబుగానే ఉంటుంది. మనం కూడా నాలుగేళ్ళు చదివాకే కదా ప్లేస్‌మెంట్‌కి కూర్చునేది! చిక్కేమిటంటే, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ళ విషయంలో ఆ శిక్షణకి చివర అంటూ ఉండదు. పూసలు గుచ్చడం, రంగుల పుల్లలు వేరుచేయడం, చిల్లుల బల్లలో మేకులు దోపడం. పదేళ్ళు చేయించి, "ఇంకా రెడీ కాలేదు" అంటారు. ఇంకో పదేళ్ళు గడుస్తాయి.

శిక్షణ పూర్తి కానివాళ్ళందరినీ ఒకచోట చేర్చి చిన్నచిన్న పనులు చేయించే చోట్లని షెల్టర్డ్ వర్క్‌షాపులు అంటారు. కొవ్వొత్తులు, కాగితం కవర్లు, ప్యాకింగ్ లాంటి పనులుంటాయి. నీడ దొరుకుతుంది, తోడు దొరుకుతుంది. అది చిన్న విషయమేమీ కాదు. కానీ జీతం నామమాత్రం. అమెరికాలో అయితే 1938 నాటి కార్మిక చట్టంలోనే, వైకల్యం ఉన్నవాళ్ళకి కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చుకోవచ్చని ఒక వెసులుబాటు పెట్టారు. ఆ గదిలోంచి బయటి ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళు బహు తక్కువ. రెడీ అవడానికి పెట్టిన గదే చివరి గది అయిపోయింది.

సైకిల్ బ్రేకు పాఠం

ఈ లెక్కని తలకిందులు చేసినవాళ్ళలో మార్క్ గోల్డ్ ఒకరు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసేవాడు. 1970ల మొదట్లో ఆయన ఎంచుకున్న వస్తువు సైకిల్ వెనక చక్రంలో ఉండే బ్రేకు, పెడల్ వెనక్కి తొక్కితే పడే రకం. ఒక మోడల్‌లో 15 భాగాలు, ఇంకోదాంట్లో 24. ఏది ముందో, ఏది ఎటు తిరిగి ఉండాలో తెలియకపోతే బిగించలేం. మనలో ఎంతమందికి చూపించకుండా వస్తుందో చెప్పండి. దాన్ని ఆయన షెల్టర్డ్ వర్క్‌షాపుల్లో ఉన్న, మేధో వైకల్యం తీవ్రంగా ఉన్నవాళ్ళకి నేర్పాడు. వాళ్ళు నేర్చుకున్నారు.

ఎలా నేర్పాడన్నది మనకి ముఖ్యం. భాగాల్ని బిగించే వరసలో గళ్ళ ట్రేలో పేర్చాడు, కాబట్టి "తర్వాత ఏది?" అన్న ప్రశ్న లేదు. కొందరికి ఇచ్చిన భాగాలకి ఒక వైపు ఎర్ర రంగు పూశాడు. ఎరుపు తనవైపు ఉంటే సరిగ్గా పెట్టినట్టు. రంగు లేని భాగాలతో నేర్చుకున్నవాళ్ళ కన్నా వీళ్ళు త్వరగా పట్టేశారు. మాటలు చాలా తక్కువ వాడాడు. తప్పు పెడితే "తప్పు" అనేవాడు కాదు, ఇంకోలా చేసి చూడమనేవాడు. ఆయన పద్ధతికి పేరు కూడా అదే పడింది: ట్రై అనదర్ వే. 1982లో చనిపోయాడు, కానీ పనిని అంచెలుగా విడదీసి నేర్పే పద్ధతిని ప్రత్యేక విద్యలో స్థిరపరచినవాళ్ళలో ఆయన పేరు ఇప్పటికీ చెబుతారు.

ఆయన వాదన సారాంశం నాకు అర్థమైనంతలో ఇది. నేర్చుకునేవాడికి రాకపోతే, నేర్పేవాడి పద్ధతిలో లోటు ఉందని ముందు అనుమానించాలి. వైకల్యం ఎంత తీవ్రమైతే నేర్పేవాడి తెలివి అంత ఎక్కువ కావాలి. ఇంజనీరింగ్‌లో మనకి ఇది కొత్తేం కాదు. లైన్‌లో పదేపదే తప్పు జరుగుతుంటే వర్కర్‌ని మార్చేముందు ఫిక్స్చర్‌ని చూడమంటారు. భాగం తప్పు వైపు పట్టకుండా చిన్న పిన్ను పెడతాం. పోకా-యోకె అని పరీక్షల్లో రాస్తాం కూడా.

బడిలో ఏం నేర్పాలి

అదే రోజుల్లో విస్కాన్సిన్‌లో లూ బ్రౌన్ అనే ప్రొఫెసర్ బడి వైపు నుంచి ఇదే ప్రశ్న వేశాడు. పిల్లాడికి నేర్పే ప్రతి పనికీ ఆయన పెట్టిన పరీక్ష సూటిగా ఉంటుంది. ఈ పని ఈ పిల్లాడు చేయకపోతే ఇంకెవరైనా వాడి కోసం చేయాల్సి వస్తుందా? అన్నం కలుపుకుని తినడం, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, రోడ్డు దాటడం: వీటికి జవాబు అవును. చిల్లుల బల్లలో మేకులు దోపడం: వాడు దోపకపోతే ఎవరూ దోపరు. అలాంటప్పుడు ఇరవై ఏళ్ళ మనిషి చేత దాన్ని ఎందుకు చేయిస్తున్నట్టు?

రెండో మాట ఇంకా ముఖ్యం. తరగతిలో నేర్చుకున్నది బయట వాడుకుంటాడని అనుకోవద్దన్నాడు. మనం ల్యాబ్‌లో ఓమ్స్ లా నేర్చుకుని ఇంట్లో స్విచ్‌బోర్డు దగ్గర వాడుకోగలం. తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవాళ్ళకి ఒకచోట నేర్చింది ఇంకోచోటికి మోసుకెళ్ళడమే అన్నిటికన్నా కష్టం. బొమ్మ నాణేలతో కొనడం వచ్చినవాడికి అసలు కొట్లో కొనడం రాకపోవచ్చు. కాబట్టి కొనడం కొట్లోనే నేర్పాలి, రోడ్డు దాటడం రోడ్డు మీదే నేర్పాలి. అదే వరసలో, ఉద్యోగం ఉద్యోగంలోనే నేర్పాలి.

సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ అంటే

ఈ ఆలోచనలు కలిసి ముందు ఉద్యోగం, తర్వాత శిక్షణ అనే పద్ధతి వచ్చింది. 1986లో అమెరికా తన రిహాబిలిటేషన్ చట్టాన్ని సవరించి దీనికి డబ్బు, నిర్వచనం రెండూ ఇచ్చింది. అందులో మూడు విషయాలు కలిసి ఉండాలి. పని నిజమైనది కావాలి, జీతం వచ్చేది కావాలి. పనిచేసే చోట వైకల్యం లేనివాళ్ళూ ఉండాలి. సాయం ఎంతకాలం అవసరమైతే అంతకాలం అందాలి.

ఆ సాయం చేసే మనిషిని జాబ్ కోచ్ అంటారు. కోచ్ ముందు ఆ మనిషిని గమనిస్తాడు: ఏది ఇష్టం, దేనికి చిరాకు, ఎంతసేపు నిలబడగలడు. తర్వాత పనిచోటుని గమనిస్తాడు. హోటల్లో ఒక మనిషి చేసే పది పనుల్లోంచి మూడు విడదీసి, ఈ మనిషికి సరిపోయే కొత్త ఉద్యోగం తయారు చేయొచ్చా అని యజమానితో మాట్లాడతాడు. మొదట్లో పూట పూటంతా పక్కనే ఉండి నేర్పుతాడు. తర్వాత రోజు విడిచి రోజు, వారానికోసారి, నెలకోసారి. పూర్తిగా మాయమవడు. సూపర్‌వైజర్ మారినా, మెషీన్ మారినా, బస్సు టైము మారినా మళ్ళీ వస్తాడు. కోచ్ తగ్గుతున్న కొద్దీ పక్కన పనిచేసేవాళ్ళు ఆ జాగా నింపాలి. బాగా నడిచే చోట్ల అదే జరుగుతుంది.

ఇంతవరకు చదివింది. ఇక చూసింది.

పప్పు ప్యాకెట్లు

మా పిన్ని కొడుక్కి ఇరవై ఏళ్ళు. తీవ్రమైన మేధో వైకల్యం. పది పదిహేను మాటలు వచ్చు, అంకెలు రావు, ఒకటి రెండు తర్వాత అన్నీ వాడికి "బోలెడు". స్పెషల్ స్కూలు అయిపోయాక ఇంట్లోనే ఉన్నాడు. బాబాయిది తెనాలిలో చిన్న కిరాణా కొట్టు. పోయిన వేసవి సెలవుల్లో రెండు నెలలు అక్కడే ఉండి, కందిపప్పు అరకిలో ప్యాకెట్లు కట్టే పని తమ్ముడికి నేర్పాం.

తూకం వేయడం అంటే అంకెలు కావాలి. అంకెలు వాడికి రావు. కాబట్టి తూకాన్ని కొలతగా మార్చేశాం. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కకి ఒకవైపు మూత బిగించి, కాటాలో చూసుకుంటూ, తలకొట్టి చదును చేస్తే అరకిలోకి రవ్వంత పైన వచ్చే ఎత్తులో కోశాం. లోతు ఏడు సెంటీమీటర్లకి కాస్త ఎక్కువ వచ్చింది. కొత్త బస్తా విప్పినప్పుడల్లా గింజ తేడా ఉంటుంది కాబట్టి బాబాయి ఒకసారి సరిచూస్తాడు. లెక్క కూడా అంతే: పది గళ్ళ చెక్క ట్రే. గళ్ళన్నీ నిండితే పది. ఖాళీ కనిపిస్తే ఇంకా ఉంది.

పనిని ఇలా విడదీశాం.

1. కట్టలోంచి ఒక కవరు తీయడం.
2. మూతి విప్పి స్టాండు కింద రెండు క్లిప్పులకి తగిలించడం.
3. కొలత డబ్బాని డ్రమ్ములో ముంచి నిండుగా తీయడం.
4. చెక్క బద్దతో పైన చదును చేయడం.
5. స్టాండు మీద గరాటులో పోయడం.
6. కవరు విప్పి ట్రే గడిలో నిలబెట్టడం.
7. ట్రే నిండాక బాబాయి దగ్గరికి తీసుకెళ్ళడం.

సీలు వేసే మిషను వేడిగా ఉంటుంది కాబట్టి అది బాబాయి పని. వేసేటప్పుడే ప్రతి ట్రేలో ఒకటి రెండు ప్యాకెట్లు కాటాలో పెట్టి చూస్తాడు. ఏ ఫ్యాక్టరీలోనైనా ఇన్‌స్పెక్షన్ ఉంటుంది కదా, అలాగే.

నేర్పింది వెనక నుంచి. మొదట ఆరు అంచెలూ నేనే చేసి, ఏడోది వాడి చేత చేయించాను. నిండిన ట్రే మోసుకెళ్ళి నాన్నకి ఇవ్వడం. పని పూర్తయిందన్న సంతోషం మొదటిరోజే వాడి వంతుకి వచ్చింది. తర్వాత ఆరు, ఏడు. తర్వాత ఐదు, ఆరు, ఏడు. సాయం కూడా మెట్లుగా: మొదట చెయ్యి పట్టి చేయించడం, తర్వాత మోచేతిని తాకడం, తర్వాత వేలితో చూపడం, తర్వాత ఊరికే నిలబడటం. ఏ అంచెకి ఎంత సాయం పట్టిందో రోజూ ఒక నోటుబుక్కులో టిక్కులు పెట్టాను.

ఆ టిక్కులే ఒక విషయం చెప్పాయి. అన్ని అంచెలూ కదులుతున్నాయి, రెండోది మాత్రం కదలట్లేదు. పల్చని కవరు మూతి విప్పడం మనకే విసుగు, రెండు పొరలూ అంటుకుపోతాయి. వాడు కవరు నలిపి విసిరేసేవాడు. కోపం వచ్చిందనుకున్నారు ఇంట్లో. బ్యాంకులో నోట్లు లెక్కపెట్టేవాళ్ళ ముందు తడి స్పాంజి డబ్బా ఉంటుంది చూడండి, అలాంటిది ఒకటి తెచ్చి పెట్టాం. వేలు తడిపి రుద్దితే మూతి విడిపోతుంది. స్పాంజి తాకడం అనే ఒక అంచె పెరిగింది, విసరడం తగ్గిపోయింది. నేను సెలవులు అయి వచ్చేసేనాటికి కవరు విప్పడానికి మాత్రం అప్పుడప్పుడూ వేలితో చూపాల్సి వచ్చేది. మిగతావన్నీ వాడే చేస్తున్నాడు.

ఇది ఇంకా ఉద్యోగం కాదు

ఇక్కడ ఆగి ఉంటే చక్కటి కథ అయ్యేది. కానీ పైన చెప్పిన నిర్వచనం దగ్గర పెట్టి చూస్తే ఇది సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ కాదు. కొట్టు నాన్నది. పక్కన పనిచేసేవాళ్ళు ఇంటివాళ్ళే. జీతం సంగతి అడిగితే బాబాయి, "మన కొట్లో మనవాడికి జీతమేంట్రా?" అన్నాడు.

దీని మీద ఇంట్లో రెండు మూడు రోజులు వాదన నడిచింది. ఇంతకుముందు ప్యాకెట్లు కట్టిన కుర్రాడికి ప్యాకెట్‌కి ఇంత అని ఇచ్చేవారు. అదే ప్యాకెట్, అదే తూకం. చేసిన చెయ్యి మారితే రేటు ఎందుకు మారాలి? డబ్బు విలువ వాడికి తెలియదు కదా అన్నారు. తెలియనివాడికి ఇవ్వక్కర్లేదనే మాటతోనే ప్రపంచంలో ఎన్నో వర్క్‌షాపులు ఏళ్ళ తరబడి నడిచాయి. చివరికి పిన్నే తేల్చింది: వాడి పేర బ్యాంకు ఖాతాలో వేయాలి, శనివారం కొంత చేతికి ఇవ్వాలి. ఆ డబ్బుతో ఎదురు కొట్లో కూల్‌డ్రింక్ కొనుక్కోవడం ఇప్పుడు వాడు నేర్చుకుంటున్న కొత్త పని. నోటు ఇచ్చాక సీసా కోసం ఆగడం దాకా వచ్చిందని పిన్ని ఫోన్‌లో చెప్పింది.

కానీ పిన్ని అసలు ప్రశ్న వేరు. "మేమున్నన్నాళ్ళు సరే, మా తర్వాత?" ఇలాంటి పిల్లలున్న ఏ అమ్మానాన్నని కదిపినా ఇదే అడుగుతారు. నాన్న కొట్లో పని నాన్నతోనే పోతుంది. బయట ఒక చోట, నలుగురు తెలిసినవాళ్ళ మధ్య, రేపు రాకపోతే "వాడేడీ?" అని అడిగే మనుషుల దగ్గర పని ఉంటే అది నిలుస్తుంది. నేర్చుకోగలడని తేలిపోయింది కాబట్టి ఇక వెతకాల్సింది అలాంటి చోటు.

మన దగ్గర ఏముంది

2016 చట్టంలోనే దీనికి ఆధారం ఉంది. మేధో వైకల్యం, ఆటిజం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకి ప్రత్యేకంగా, మార్కెట్‌తో నేరుగా ముడిపడిన నైపుణ్య శిక్షణ ఉండాలని 19వ సెక్షన్ చెబుతోంది. సిబ్బందిలో కనీసం 5 శాతం వైకల్యం ఉన్నవాళ్ళని పెట్టుకున్న ప్రైవేటు సంస్థలకి ప్రోత్సాహకాలు ఇవ్వాలని 35వ సెక్షన్ చెబుతోంది. ఈ రంగంలో టీచర్లని తయారుచేసే జాతీయ సంస్థ మన దగ్గరే ఉంది. 1984లో సికింద్రాబాద్‌లో మొదలైంది, ఇప్పుడు దాన్ని ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. లేనిదల్లా జాబ్ కోచ్‌కి జీతం ఇచ్చే ఏర్పాటు. స్వచ్ఛంద సంస్థలున్న నగరాల్లో వాళ్ళు చేస్తున్నారు. మిగతా చోట్ల ఆ పని అమ్మ చేస్తోంది, అదీ జీతం లేకుండా.

మనం చేయగలిగింది

మన ప్రాజెక్ట్ ఎక్స్‌పోలో ఏటా కనీసం రెండు స్మార్ట్ బ్లైండ్ స్టిక్‌లు ఉంటాయి. వాటిలో ఎన్ని ఎక్స్‌పో గేటు దాటాయో మీకే తెలుసు. ఈసారి అల్ట్రాసోనిక్ సెన్సర్ కొనేముందు, దగ్గర్లో ఉన్న స్పెషల్ స్కూలుకి ఒకసారి వెళ్ళి, 17 ఏళ్ళ పిల్లలు ఎవరున్నారో, వాళ్ళకి ఏం ఇష్టమో అడగండి. తర్వాత మన క్యాంటీన్‌నో జిరాక్స్ సెంటర్‌నో చూడండి. అక్కడి ఏ పనిలో ఒక చెక్క ట్రే, ఒక రంగు గీత, ఒక స్టాపర్ పెడితే ఇంకొకరికి చోటు దొరుకుతుందో గీయండి. ఖర్చు వందల్లోనే అవుతుంది. ఇంకో నాలుగేళ్ళకి మనలో చాలామంది ఏదో ఒక షాప్ ఫ్లోర్‌లో మనుషుల్ని పనిలో పెట్టుకునే కుర్చీలో ఉంటాం. ఇలా చూడటం అప్పుడూ పనికొస్తుంది.

చివరగా ఒక చిన్న హోంవర్క్. టీ పెట్టడాన్ని అంచెలుగా రాయండి. రూమ్మేట్‌కి ఇచ్చి, కాగితం మీద ఉన్నది మాత్రమే చేయమనండి, సొంత తెలివి వాడొద్దనండి. స్టవ్ వెలిగించడం రాయడం మర్చిపోయారని రెండో నిమిషంలో తెలుస్తుంది. మళ్ళీ రాయండి. నా పప్పు ప్యాకెట్ల కాగితం ఐదుసార్లు మారింది. మీది ఎన్నోసారికి టీ దాకా వచ్చిందో క్లబ్ మెయిల్‌కి రాసి పంపితే, బాగున్నవి వచ్చే సంచికలో వేసుకుందాం.